విని చూడాల్సిన లండన్

లండన్ వెళ్లినవాళ్లు ముందుగా బిగ్‌బెన్ చూస్తారు. టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటో దిగుతారు. రాజుగారి ప్యాలెస్ ముందు సిపాయిలు మారే వేడుక చూసి తిరిగొస్తారు. కానీ ఆ మహానగరాన్ని కళ్లు మూసుకుని కూడా చూడొచ్చు! అందుకు కావల్సింది విమానం టికెట్టు కాదు, ముప్పావు గంట తీరిక. ఓ సింఫనీ ఆ పని చేసిపెడుతుంది. తెల్లవారుజామున నది ఒడ్డున బయల్దేరి, పగలంతా వీధుల్లో తిప్పి, పొద్దుపోయాక మళ్లీ నది దగ్గరే వదిలిపెడుతుంది. దాని పేరు 'ఎ లండన్ సింఫనీ'. పుట్టి నూరేళ్లు దాటింది. ఎన్నోసార్లు రికార్డయింది. చిత్రమేమిటంటే... ఒక్కో రికార్డులో ఒక్కో లండన్ వినిపిస్తుంది. మరి అందులో అసలు లండన్ ఏది?

స్వరకర్త పేరు రాల్ఫ్ వాన్ విలియమ్స్. 'రాల్ఫ్' అని రాసినా ఆయన మాత్రం 'రేఫ్' అనే పిలిపించుకునేవారు. 1872లో గ్లాస్టర్‌షైర్‌లోని ఓ పల్లెలో పుట్టారు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ ఆయనకు తాత వరస. ఊరూరా తిరిగి పల్లె పదాలు సేకరించడమంటే ప్రాణం. 1905 నుంచి రెండు దశాబ్దాలకు పైగా లండన్‌లోని చెల్సీలో, థేమ్స్ నది ఒడ్డునే ఉన్న చైనీ వాక్ వీధిలో కాపురమున్నారు. కిటికీ తీస్తే నది. నదిమీద పడవలు. వీధిలో గుర్రబ్బళ్లు. అమ్మకందారుల కేకలు. ఆ చప్పుళ్లన్నీ సంగీతంలోకి నడిచొచ్చాయి. 'దీన్ని ఓ లండన్‌వాసి రాసిన సింఫనీ అనుకోండి' అన్నది ఆయన భావన. ఊరికి బొమ్మ గీయడం కాదు, ఆ ఊరివాడి మనసు చెప్పడం ముఖ్యమన్నమాట.

అరగంట కొట్టగానే...

సింఫనీ అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన దీర్ఘ రచన. సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. లండన్ సింఫనీ మొదటి భాగం దాదాపు నిశ్శబ్దంలోంచి మొదలవుతుంది. అడుగు స్థాయిలో తీగవాయిద్యాలు మెల్లగా కదులుతుంటే, మంచు కమ్మిన నది మీద చీకటి విడుతున్నట్టే ఉంటుంది. అంతలో హార్ప్ మీద నాలుగు స్వరాల వరసలు. వెస్ట్‌మినిస్టర్ గడియారం అరగంట కొట్టింది! 1859 నుంచి థేమ్స్ గట్టున మోగుతున్న గంటలవి. ఆ వెంటనే నగరం ఒక్కసారిగా మీద పడుతుంది. బళ్లు, జనం, తోపులాట, నవ్వులు.

ఇక్కడే రికార్డుల మధ్య తేడా మొదలవుతుంది. త్యాగరాజ కీర్తన ఒక్కటే అయినా నలుగురు విద్వాంసులు పాడితే నాలుగు రకాలుగా ఉండటం మనకు తెలిసిందే. సంగతులు, కాలప్రమాణం, నెరవు... పాడేవారికి బోలెడంత స్వేచ్ఛ. సింఫనీలో అలా కుదరదు. ఏ వాయిద్యం ఎప్పుడు ఏ స్వరం పలకాలో అంతా కాగితం మీదే ఉంటుంది. అయినా తేడా వస్తుంది! ఎంత వేగంగా పోవాలి, ఏ వాయిద్యాన్ని ముందుకు తేవాలి, ఎక్కడ ఒక్క క్షణం ఆగాలి... ఇవన్నీ నడిపించే కండక్టర్ చేతిలో ఉంటాయి. తెల్లారడం ఎంతసేపు పట్టాలో కూడా ఆయనే తేల్చాలి. ఒకరి లండన్ తొందరగా నిద్రలేస్తుంది. మరొకరి లండన్ మంచులో ఇంకాస్త బద్ధకిస్తుంది.

పోయిన ప్రతి... పోయిన మిత్రుడు

అసలీ సింఫనీ పుట్టడానికి కారణం ఓ స్నేహితుడి మాట. జార్జ్ బటర్‌వర్త్ అనే యువ స్వరకర్త వాన్ విలియమ్స్‌తో కలిసి పల్లెపదాల వేటకు వెళ్లేవాడు. 'మీరో సింఫనీ రాయాలి' అని మొదట పురెక్కించింది అతనే. ఎట్టకేలకు 1914 మార్చి 27న లండన్‌లోని క్వీన్స్ హాల్లో జెఫ్రీ టాయ్ సారథ్యంలో తొలి ప్రదర్శన జరిగింది.

ఆ తర్వాత మూల ప్రతిని జర్మనీకి పంపించారు. అంతలో ఆగస్టు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. ప్రతి మరి తిరిగి రాలేదు! జిరాక్సులు లేని రోజులు. మొత్తం రచన ఒకచోట ఉన్న కాగితాలు అవే. మిగిలినవల్లా క్వీన్స్ హాల్లో ఎవరి భాగం వారు వాయించుకున్న విడివిడి కాగితాలు. ఫిడేలు వాళ్లది ఫిడేలుకు, బూరా వాళ్లది బూరాకు. వాటిని ముందేసుకుని మిత్రులంతా కూర్చున్నారు. బటర్‌వర్త్, టాయ్, సంగీత పండితుడు ఎడ్వర్డ్ డెంట్, వాన్ విలియమ్స్ భార్య ఎడలిన్... ఒక్కో గీతనూ జతచేస్తూ మళ్లీ నిలబెట్టారు. 1915 ఫిబ్రవరిలో బోర్న్‌మత్‌లో డాన్ గాడ్‌ఫ్రీ దాన్ని వినిపించారు.

బటర్‌వర్త్ సైన్యంలో చేరాడు. 1916 ఆగస్టు 5న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో తూటాకు బలయ్యాడు. వయసు 31 ఏళ్లు. శవం కూడా దొరకలేదు. తియెప్‌వాల్ స్మారకం మీద వేలాది పేర్ల మధ్య అతని పేరుంది. నలభై రెండేళ్ల వయసులో అంబులెన్సు దళంలో చేరిన వాన్ విలియమ్స్ మాత్రం బతికి బయటపడ్డారు. సింఫనీ అచ్చయినప్పుడు దాన్ని మిత్రుడి స్మృతికే అంకితమిచ్చారు. ఈ సంగతి తెలిశాక మొదటి భాగంలోని ఆ సంబరం వింటే గుండె ఒకింత బరువెక్కుతుంది. పోగొట్టుకున్న దాన్ని ఒక్కో కాగితమూ ఏరి మళ్లీ తెచ్చిన చేతులు అవి.

బ్లూమ్స్‌బరీలో నవంబరు సాయంత్రం

రెండో భాగం నడిలండన్‌కు తీసుకెళ్తుంది. 'నవంబరు మధ్యాహ్నం వేళ బ్లూమ్స్‌బరీ స్క్వేర్' అన్నది స్వరకర్త ఇచ్చిన ఆనవాలు. లండన్‌లో నవంబరంటే నాలుగింటికే పొద్దుగూకుతుంది. ఆకులు రాలిన చెట్లు. సన్నని చలి. మన సన్నాయిలాగే పీకతో ఊదే 'కోర్ ఆంగ్లే' వాయిద్యం ఒంటరిగా ఓ పాట ఎత్తుకుంటుంది. మధ్యలో ఎక్కడినుంచో లావెండర్ పూలమ్మే మనిషి కేక వినిపిస్తుంది. మన వీధుల్లో మల్లెపూలమ్మే గొంతు సందు మలుపు తిరిగి వచ్చినట్టు! దాని వెంట హాన్సమ్ క్యాబ్ అనే గుర్రబ్బండి మువ్వల గలగల. ఆ బళ్లు ఎప్పుడో కనుమరుగయ్యాయి. పూల కేకలూ పోయాయి. బ్లూమ్స్‌బరీ స్క్వేర్ ఇప్పటికీ ఉంది కానీ, ఆ తోట కింద నేలమాళిగలో కార్ల పార్కింగ్ వచ్చింది. మువ్వల చప్పుడు ఇప్పుడు ఈ సంగీతంలోనే మిగిలింది.

అన్నట్టు ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు తలచుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. అక్కడికి పావుగంట నడకలో యూనివర్సిటీ కాలేజీ ఉంది. వేమన పద్యాలను వెలికితీసి, తెలుగు నిఘంటువు కూర్చిన సీపీ బ్రౌన్ దొర ఉద్యోగం చాలించి లండన్ చేరాక తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేసింది ఆ కాలేజీలోనే. చెదలు పట్టిన తాటాకుల్ని పోగుచేసి, ప్రతులు పోల్చి, పాఠం తేల్చిన మనిషి ఆయన. ఒక రచనకు రెండు మూడు పాఠాలుంటే ఎంత చిక్కో ఆయనకే తెలియాలి. ఈ సింఫనీకీ అలాంటి చిక్కే ఉంది. ఆ సంగతి తర్వాత.

బ్లూమ్స్‌బరీ భాగాన్ని వినేటప్పుడు అభిమానులు తప్పకుండా తలచుకునే పేరు సర్ జాన్ బార్బిరోలీ. తండ్రి ఇటలీవాడు, తల్లి ఫ్రెంచి వనిత. కానీ ఆయన పుట్టింది మాత్రం 1899లో, ఈ స్క్వేర్ పక్కనే ఉన్న సౌతాంప్టన్ రోలో! లావెండర్ కేకలు, గుర్రబ్బళ్ల మువ్వలు వింటూ పెరిగిన కుర్రాడన్నమాట. పదహారేళ్లప్పుడే క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించాడు. తర్వాత కండక్టరై, మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాతో ఈ సింఫనీని రెండుసార్లు రికార్డు చేశారు. 1957 నాటిది ఉడుకు రక్తం. 1967 నాటిదాంట్లో తీరిక ఎక్కువ. పుట్టిన వీధిలోంచి నెమ్మదిగా నడిచి వెళుతున్న వయసు మళ్లిన మనిషిలా ప్రతి మలుపు దగ్గరా ఒక్క క్షణం నిలబడతారు. తీగవాయిద్యాలు గొంతెత్తి పాడతాయి. చెల్లో వాయించిన చేయి కదా!

దీనికి పూర్తిగా ఎదురు సర్ ఏడ్రియన్ బౌల్ట్. పొడవాటి మనిషి, పొడవాటి కర్ర, అతి తక్కువ చేతి కదలిక. ఆవేశాన్ని పైకి చూపరు. ఈ సింఫనీతో ఆయన బంధం పాతది. 1918లో వాన్ విలియమ్స్ దీన్ని సవరించినప్పుడు క్వీన్స్ హాల్లో ఆ కొత్త రూపాన్ని తొలిసారి నడిపింది ఈయనే. జెప్లిన్ల దాడితో ఆనాటి కచేరీ కాస్త చెడిందట కూడా. అలాంటి మనిషి 1952లోనూ, మళ్లీ ఎనభయ్యో పడి దాటాక 1971లోనూ లండన్ ఫిల్‌హార్మోనిక్‌తో రికార్డు చేశారు. బౌల్ట్ నడకలో ఆగడం తక్కువ. అయినా దారి తప్పరు. ఇంటి పెద్ద ఊరి కథ చెబుతున్నట్టు, కన్నీళ్లు పెట్టకుండానే పెట్టిస్తారు. బార్బిరోలీ లండన్‌ని తలచుకుని మురిసిపోతే, బౌల్ట్ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తారు. ఏది గొప్పది అని అడిగితే ఇంట్లో ఇద్దరు బిడ్డల్లో ఎవరు ముద్దు అని అడిగినట్టే.

గోడలు కూడా పాడతాయి

రికార్డు అంటే వాయించినవాళ్లు ఒక్కరే కాదు. ఎక్కడ వాయించారన్నదీ లెక్కే. బౌల్ట్ 1952 రికార్డింగు జరిగింది కింగ్స్‌వే హాల్లో. సౌతాంప్టన్ రో నుంచి దక్షిణంగా నడుచుకుంటూ పోతే ఎదురయ్యే కింగ్స్‌వే వీధిలో, మెథడిస్టు క్రైస్తవులు 1912లో కట్టుకున్న ప్రార్థన మందిరమది. లోపలి ప్రతిధ్వని ఎంత బాగుండేదంటే రికార్డు కంపెనీలు అక్కడ వరుస కట్టేవి. ఒక్కటే ఇబ్బంది. కింద నేలలోంచి భూగర్భ రైలు వెళ్లేది! అక్కడ చేసిన ఎన్నో రికార్డుల్లో, మంచి స్పీకర్లు పెట్టుకుని వింటే, అడుగున సన్నగా గుర్‌ర్‌మనే మోత వినిపిస్తుంది. ఇంజినీర్లకు అది తలనొప్పి. లండన్ గురించిన సంగీతంలో లండన్ రైలే వచ్చి చేరితే మాత్రం తప్పేముంది అనిపిస్తుంది శ్రోతకు. ఆ హాల్లో 1984లో ఆఖరి రికార్డింగు జరిగింది. 1998లో భవనం కూల్చేశారు. అక్కడిప్పుడు ఓ హోటలుంది. రైళ్లు తిరిగిన ఆల్డ్‌విచ్ మార్గాన్ని అంతకుముందే, 1994లో మూసేశారు.

నది ఒడ్డున రాత్రి

మూడో భాగం రాత్రి వేళ. వాన్ విలియమ్స్ మాట ప్రకారం శ్రోత వెస్ట్‌మినిస్టర్ ఎంబాంక్‌మెంట్ మీద నిలబడాలి. ఒకవైపు స్ట్రాండ్ వీధి సందడి, పెద్ద పెద్ద హోటళ్ల దీపాలు. నదికి అవతల న్యూ కట్ అనే పేదల బజారు. కిక్కిరిసిన జనం, మంటలు ఎగిసే దీపాలు. ఆర్కెస్ట్రా ఒకచోట మౌత్ ఆర్గాన్‌లా, మరోచోట వీధి గాయకుడి కాన్సర్టీనా పెట్టెలా పలుకుతుంది. ఈ భాగంలో రాణించిన వాళ్లలో ఆండ్రే ప్రెవిన్ ఒకరు. జర్మనీలో పుట్టి, అమెరికాలో పెరిగి, హాలీవుడ్ సినిమాలకు పనిచేసి వచ్చిన ఆయన, 1972లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డులో దూరపు దీపాల తళుకు తెలుస్తుంది. 1986లో డచ్ దేశస్థుడు బెర్నార్డ్ హైటింక్ ఇదే రచనను నింపాదిగా, పెద్ద రాతి కట్టడంలా నిలబెట్టారు. ఊరు పుట్టినవాళ్లదేనా? వచ్చి ప్రేమించినవాళ్లది కూడా అంటాయి ఈ రెండు రికార్డులు.

నాలుగో భాగంలో పండగ లేదు. ఓ మూలుగుతో మొదలై, బరువైన నడకగా మారుతుంది. ఆకలితో ఊరేగే నిరుపేదల అడుగులు అందులో వింటారు చాలామంది. దీపాల వెలుగుల వెనక ఉన్న లండన్ అది.

తీసేసిన పావుగంట

ఇక ఆ చిక్కు సంగతి. 1914లో విన్న సింఫనీ గంటకు పైనే. తర్వాత వాన్ విలియమ్స్ దాన్ని తగ్గిస్తూ వచ్చారు. 1918లో కొంత, 1920లో అచ్చుకు వెళ్లేముందు ఇంకొంత, 1930లలో మరికొంత. చివరికి పావుగంటకు పైగా సంగీతం పోయింది. మనం మామూలుగా వినేది, బార్బిరోలీ, బౌల్ట్ వాయించింది ఆఖరి రూపమే. బిగువుగా ఉంటుంది, వాదన లేదు. కానీ పోయినవాటిలో కొన్ని చోట్లు ఎంతో అందమైనవని, తొలి రోజుల్లో విన్న స్వరకర్త ఆర్నాల్డ్ బాక్స్ చాలాకాలం బాధపడ్డారు. హిచ్‌కాక్ 'సైకో' సినిమాకు సంగీతమిచ్చిన బెర్నార్డ్ హెర్మన్‌దీ అదే దిగులు.

స్వరకర్త 1958లో కన్నుమూశారు. ఆయన రెండో భార్య ఉర్సులా అనుమతితో, 2000 డిసెంబరులో రిచర్డ్ హికాక్స్ అసలు రూపాన్ని మొదటిసారి రికార్డు చేశారు. మరుసటి ఏడాది అది గ్రామఫోన్ పత్రిక 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్' అయింది. 61 నిమిషాల ఆ రికార్డు వింటే తెలిసిన ఊళ్లో తెలియని సందులు తెరుచుకున్నట్టుంటుంది. రాత్రి భాగం చివర ఓ చీకటి మలుపు, ఆఖర్లో నది దగ్గర ఇంకాస్త సేపు నిలబడటం... ఆ లండన్ మరింత ఒంటరిది, మరింత విషాదమైనది. అందులో వినిపించేది యుద్ధానికి ముందు నగరమే అయినా, జరగబోయేది తెలిసిన మనకు మరోలా తోస్తుంది. బటర్‌వర్త్ కుర్చీలో కూర్చుని విన్నది ఈ రూపాన్నే మరి.

అయితే రచయిత వద్దనుకుని కొట్టేసింది మనం వెలికితీసి వినడం సబబేనా? ఆయన మాట కాదన్నట్టు కాదా? ఈ ప్రశ్నకు అభిమానులు రెండుగా చీలారు. 'చెక్కిన శిల్పం చాలు, రాలిన రాతిముక్కలెందుకు' అంటారు కొందరు. 'రాలినవి ముక్కలు కావు, మనుషులు తిరిగిన వీధులు' అంటారు మరికొందరు. 1951లో బార్బిరోలీకి రాసిన ఉత్తరంలో వాన్ విలియమ్స్, ఈ సింఫనీని ఇక బాగుచేయలేననీ, ఎన్ని లోపాలున్నా తన సింఫనీల్లో తనకిష్టమైంది ఇదేననీ చెప్పుకొన్నారు. తల్లి మనసు అలాగే ఉంటుంది. అందుకే రెండూ వినడమే న్యాయం. మొదట బార్బిరోలీతోనో బౌల్ట్‌తోనో ఊరు పరిచయం చేసుకోవాలి. ఊరు తెలిశాక హికాక్స్‌తో పాత సందుల్లోకి వెళ్లాలి. మధ్య మజిలీ కూడా వినాలనుకునేవారికి, 1941లో యూజిన్ గూసెన్స్ అమెరికాలోని సిన్సినాటిలో, 2016లో మార్టిన్ బ్రాబిన్స్ ఇంగ్లండులో 1920 నాటి పాఠాన్ని రికార్డు చేసి పెట్టారు.

ముప్పావు కొట్టింది...

తొలి ప్రదర్శన జరిగిన క్వీన్స్ హాల్ ఇప్పుడు లేదు. 1941 మే 10 మధ్యాహ్నం అక్కడ మాల్కం సార్జెంట్ ఎల్గార్ సంగీతం వినిపించారు. ఆ రాత్రి జర్మన్ విమానాలు కురిపించిన నిప్పుబాంబులకు హాలు కాలిపోయింది. వాద్యగాళ్లు మర్నాటి రిహార్సల్ కోసమని వదిలివెళ్లిన వాయిద్యాలు ఎన్నో బూడిదయ్యాయి. శిథిలాల్లోంచి బయటపడిన హెన్రీ వుడ్ విగ్రహాన్ని ఇప్పటికీ ఏటా ప్రామ్స్ కచేరీల సమయంలో రాయల్ ఆల్బర్ట్ హాల్లో నిలబెడతారు. ఆ హెన్రీ వుడ్ 1936లో క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాతో ఈ సింఫనీని రికార్డు చేసి ఉంచారు. గరగరల మధ్య వినిపించే ఆ పాత రికార్డులో, హాలు కాలిపోకముందు దాని పేరు మోసిన చేతులున్నాయి.

సింఫనీ చివర కూడా గంటలు మోగుతాయి. ఈసారి ముప్పావు. ఆ తర్వాత మళ్లీ నది. హెచ్.జి. వెల్స్ 'టోనో బంగే' నవల చివర, కథానాయకుడు ఓడలో థేమ్స్ మీదుగా లండన్ దాటి సముద్రంలోకి వెళ్లిపోతాడు. వంతెనలు, మేడలు, చర్చి గోపురాలు ఒక్కొక్కటే వెనక్కి జారిపోతాయి. తన ముగింపుకు ప్రేరణ అదేనని వాన్ విలియమ్స్ చెప్పారు. సంగీతం సన్నబడి, సన్నబడి, నీళ్లలో కలిసిపోతుంది.

2017లో మరమ్మతుల కోసం వెస్ట్‌మినిస్టర్ గంటలను ఆపేశారు. ప్రత్యేక సందర్భాల్లో తప్ప 2022 దాకా అవి మోగలేదు. ఆ అయిదేళ్లూ హార్ప్ మీద అరగంట, ముప్పావు మాత్రం ఎవరు రికార్డు పెట్టుకుంటే వాళ్లింట్లో మోగుతూనే ఉన్నాయి.

ఈ సింఫనీలో పూర్తి గంట ఎక్కడా కొట్టదు. అరగంటతో మొదలై ముప్పావు దగ్గర ఆగిపోతుంది. నగరం ఇంకా అయిపోలేదన్నమాట. గుర్రబ్బళ్లు పోయాయి, హాళ్లు పోయాయి, మిత్రుడు పోయాడు. నది మాత్రం ఉంది. ఆ నదిని మరోసారి వినాలని ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఆర్కెస్ట్రా ముందు కర్ర ఎత్తుతూనే ఉన్నారు.